ఆ ముక్క తీయాల్సిందేనా?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కాలేయం విషయంలో మాత్రం ఈ లెక్క అన్నివేళలా కుదరదు. బయాప్సీలో సూదితో తీసే ముక్క మొత్తం కాలేయంలో 50 వేలో వంతు ఉంటుందంతే. సూది దిగినచోట బాగానే ఉండి, ఆ పక్కనే మచ్చలు గట్టిపడి ఉండొచ్చు. అయినా హెపటైటిస్ సి అని తేలగానే "ముక్క తీసి పరీక్ష చేయాలి" అనే మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది. ఆ మాట చెవిన పడితే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. బయాప్సీ అంటే క్యాన్సరే అనుకుని ఏడుపులు మొదలు!

మా పిన్ని సంగతే చూడండి. 1996లో రెండో కాన్పుకి ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించారు. దాతల రక్తానికి ఈ వైరస్ పరీక్ష మన దేశంలో తప్పనిసరి అయింది 2001లో. జబ్బు ఆ రక్తంతోనే వచ్చిందో కాదో ఇప్పుడెవరూ చెప్పలేరు. 54వ ఏట కంటి ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షల్లో బయటపడింది. మొదట చూసిన డాక్టరుగారు బయాప్సీ రాశారు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. "ఇన్నాళ్ళూ ఏమీ చేయని రోగం ఇప్పుడేం చేస్తుందిలే. ఆ సూది నావల్ల కాదు" అని నాలుగు నెలలు మందూ మాకూ లేకుండా కూర్చుంది.

నాకు భయం వేసింది ఇక్కడే. అక్కర్లేని పరీక్షకి జడిసి, కావలసిన వైద్యాన్ని వదిలేసుకోవడం! ఈ వైరస్ నొప్పీ బాధా చూపించకుండా ఏళ్ళ తరబడి కాలేయాన్ని పాడుచేసి, కొందరిని సిర్రోసిస్ దాకా, క్యాన్సర్ దాకా తీసుకెళుతుంది.

బయాప్సీకి ఒకప్పుడు అర్థం ఉండేది. ఆ రోజుల్లో వైద్యమంటే నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు. జ్వరం, నీరసం, దిగులు, బోలెడంత ఖర్చు. ఇంతా చేసి చాలామందికి నయమయ్యేదీ కాదు. అందుకే కాలేయం ఎంత చెడిందో చూసి, ఇప్పుడే మొదలుపెట్టాలా, కొన్నాళ్ళు ఆగవచ్చా అని తేల్చుకునేవారు. 2013 చివర్లో సోఫోస్‌బువిర్ వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలు చాలు. నూటికి 95 మందికి నయమవుతోంది. కొద్దిగా చెడినా బాగా చెడినా మందు ఇవ్వాల్సిందే అయినప్పుడు, ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ముక్క తీయడం దేనికి?

"మరి లివర్ ఎలా ఉందో తెలియొద్దా?" అంటారేమో. తప్పకుండా తెలియాలి. సిర్రోసిస్ ఉంటే మందులు మారవచ్చు. వైరస్ పోయాక కూడా 6 నెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటూనే ఉండాలి. కానీ దానికి సూదే అక్కర్లేదు. వయసు, ఎఎస్‌టీ, ఎఎల్‌టీ, ప్లేట్‌లెట్లు - ఈ నాలుగింటితో ఫిబ్-4 అని ఒక లెక్క కడతారు. 1.45 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. 3.25 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే కోత లేకుండా కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ ఉంది. పిన్నిని బతిమాలి మరో డాక్టరు దగ్గరికి తీసుకెళితే, పాత రిపోర్టులతోనే లెక్క కట్టి 1.35 అన్నారు. ఫైబ్రోస్కాన్ కూడా అదే చెప్పింది. మాత్రలు అయిపోయిన 12 వారాలకి చేసిన పరీక్షలో వైరస్ లేదు.

అలాగని బయాప్సీ ఎవరికీ అక్కర్లేదనడం లేదు. ఒక పరీక్ష ఒకటీ మరో పరీక్ష ఇంకొకటీ చెబుతున్నా, కాలేయానికి ఇంకో జబ్బు కూడా ఉందన్న అనుమానం ఉన్నా, వైరస్ పోయాక కూడా ఎంజైములు దిగకపోయినా అది అవసరం కావచ్చు. అప్పుడు భయపడి పారిపోకూడదు. రక్తస్రావం కావడం అరుదే గానీ అసలు కాదని చెప్పలేం. కాబట్టి రక్తం పలచబడే మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పాలి.

డాక్టరుగారిని మనం అడగాల్సింది ఒక్కటే: "ఈ పరీక్షలో ఏం తేలితే నా వైద్యం ఎలా మారుతుంది?" దీనికి సరైన జవాబు వస్తే చేయించుకుందాం. రాకపోతే మరొకరి సలహా తీసుకుందాం. ఇందులో మర్యాద తప్పేదేముంది? స్పృహలో ఉన్న రోగికి లాభనష్టాలూ, వేరే మార్గాలూ చెప్పి ఆ మనిషి సమ్మతే తీసుకోవాలని 2008లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ కేసు ఒక స్త్రీదే. ఆమె మత్తులో ఉండగా తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. మనింట్లో కూడా కాగితాల మీద సంతకం మగవాళ్ళు పెట్టేస్తే మనం మంచమెక్కి పడుకుంటున్నాం. ఒళ్ళు మనది అయినప్పుడు ప్రశ్న కూడా మనదే కావాలి కదా!

ఖర్చుకి వెనకాడేవారికి ఇంకో మాట. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలూ మందులూ ఉచితం. 2001కి ముందు కాన్పుకో ఆపరేషన్‌కో రక్తం ఎక్కించుకున్న అమ్మలూ, అత్తలూ మీ ఇంట్లో ఉంటే ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ అమ్మ తరఫున ఈసారి మనం అడుగుదాం.