తుపాను విరిచిన చెట్టు

2011 డిసెంబర్ 30 ఉదయం ‘థానే’ తుపాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటింది. గంటకు 120 నుండి 140 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి పట్టణంలో లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలిపోయాయి. 1826లో ఫ్రెంచివారు నెలకొల్పిన బొటానికల్ గార్డెన్ సైతం ఎన్నో వృక్షాలను పోగొట్టుకుంది. పదమూడేళ్ల తరువాత, 2024 నవంబర్ 30 రాత్రి, ‘ఫెంగల్’ తుపాను మళ్లీ ఈ తీరానికే వచ్చింది. ఈసారి గాలికంటె వాన ఎక్కువ. ఒక్కరోజులో 45 సెంటీమీటర్లకు పైగా కురిసి వీధులను చెరువులు చేసింది.

అటువంటి రాత్రి గడిచిన మరునాటి ఉదయాన్ని ఊహించండి. పట్టణానికి దక్షిణాన ఉన్న ఉప్పళంలో ఒక ఇంటి తలుపు తెరుచుకుంటుంది. ముంగిట దేవగన్నేరు నిలువునా చీలి ఉంది. గోడమీది కాగితంపూల తీగ మట్టిలో పొర్లుతోంది. మందారం వేళ్లతో సహా పక్కకు ఒరిగింది. వీధిలో రంపపు చప్పుడు వినిపిస్తుంది. “అన్నీ కొట్టించి శుభ్రం చేయిస్తే సరి” అన్న ఆలోచన ఇంటివారికి కలగడం సహజమే. కాని తుపాను చంపని చెట్లను ఈ తొందర చంపుతుంది. యానాంవారికి 1996 నవంబర్ తుపాను తరువాత, విశాఖవాసులకు 2014 అక్టోబర్ 12 నాటి ‘హుద్‌హుద్’ తరువాత ఎదురైన ప్రశ్న కూడా ఇదే: ఏ చెట్టును ఉంచాలి, దేనిని తీసివేయాలి?

ఒరిగిన చెట్టంతా చచ్చిన చెట్టు కాదని లోకానికి చాటిన ఉదాహరణ ఒకటి లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో ఉంది. 1987 అక్టోబర్ 16 నాటి పెనుగాలి అక్కడ సుమారు 700 వృక్షాలను కూల్చింది. టర్నర్ ఓక్ అనే వృద్ధ వృక్షాన్ని మాత్రం వేళ్లతో సహా పైకెత్తి, మళ్లీ అదే గుంటలో కుదేసింది. సిబ్బంది దానికి ఊతలు పెట్టి, తొలగించే పనిని చివరికి వాయిదా వేశారు. మూడేళ్ల తరువాత చూస్తే, అంతకుముందు నీరసించి ఉన్న ఆ చెట్టు కొత్త బలంతో పెరుగుతోంది. ఏళ్ల తరబడి సందర్శకుల పాదాల కింద గట్టిపడిన నేలను తుపాను గుల్లబరచి, వేళ్లకు గాలి అందించింది.

అయితే మొదట చూడవలసింది మనుషుల క్షేమం. విద్యుత్తు తీగలపై పడినవి, ఇంటివైపు వాలిన పెద్ద మానులు, మొదలు వరకు చీలినవి శిక్షణ పొందినవారికే విడిచిపెట్టాలి. బోదె అడ్డుకొలత పది సెంటీమీటర్లలోపు ఉన్న చిన్న చెట్టును మాత్రం వెంటనే లేవనెత్తవచ్చు. అంతవరకు వేళ్లు ఎండకుండా తడిగోనె కప్పాలి. నలిగిన వేళ్లను నునుపుగా కోసి, పూర్వపు లోతులోనే నిలిపి, ఊతకర్రలకు మెత్తని గుడ్డతో వదులుగా కట్టాలి. ఏడాది గడిచాక కర్రలు తీసివేయాలి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకూడదు.

విరిగిన పెద్దకొమ్మను తీయడానికి మూడు కోతలు కావాలి. బోదెకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో అడుగునుండి మూడోవంతు మందం వరకు మొదటి కోత. దానికి కొంచెం అవతల పైనుండి రెండవది. బరువు కింద పడిన తరువాత, కొమ్మ మొదట కనిపించే ఉబ్బును తాకకుండా దాని వెలుపల మూడవది. అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షిగో వేలాది చెట్లను కోసి పరిశీలించి తేల్చిన విషయం ఇది: చెట్టు తన గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టి, కుళ్లు వ్యాపించకుండా వేరుచేస్తుంది. ఆ గోడ ఆ ఉబ్బులోనే సిద్ధమవుతుంది. అందుచేత దానిని చెక్కివేయడం హాని. గాయానికి తారు, రంగు పూయడం వ్యర్థం.

కోసిన కొమ్మలను చెత్తకుప్పకు పంపేముందు వాటిలో రాబోయే మొక్కలను వెతకాలి. దేవగన్నేరు కొమ్మను 30 నుండి 45 సెంటీమీటర్ల ముక్కగా కోసి, ఆకులు తీసి, పాలు ఆరేదాకా ఒకటి రెండు వారాలు నీడలో ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో నాటాలి. ఆకు వేసేదాకా నీరు పొదుపుగా పోయాలి. తడి ఎక్కువైతే కుళ్లుతుంది. దాని పాలు కంటికి, చర్మానికి తగలనీయరాదు. కాగితంపూలకు పెన్సిలు లావున్న 15, 20 సెంటీమీటర్ల ముక్కలు చాలు. రెండు కణుపులు మట్టిలో ఉండాలి. మందారం, నందివర్ధనం కూడా ఈ పద్ధతికి లొంగుతాయి. తురాయికి మాత్రం విత్తనమే మేలు.

ఆకృతికి అడ్డుగా నిలిచి, ఎప్పటికైనా తీసివేయవలసిన పచ్చికొమ్మ ఉంటే, ముందుగా దానికి గాలి అంటు కట్టవచ్చు. రెండున్నర సెంటీమీటర్ల మేర బెరడును ఉంగరంలా ఒలిచి, తడినాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. ఒకటి రెండు నెలల్లో వేళ్లు కనిపించాక దిగువన కోస్తే తల్లిచెట్టుకు ఆకృతి, తోటకు మరొక మొక్క.

ఇక ఓర్పు కావాలి. మోడైన కొమ్మ చుట్టూ కొద్ది నెలల్లో చిగుళ్లు గుంపుగా లేస్తాయి. చూపుకు వికారంగా ఉన్నా వాటిని ఊడ్చివేయకూడదు. ఆ ఆకులే చెట్టుకు వంటశాల. ఏడాది తరువాత ఎడంగా, బలంగా ఉన్న ఒకటి నుండి మూడు రెమ్మలను ఎంచుకొని, మిగిలినవాటిని పొట్టిచేస్తూ రెండు మూడేళ్లలో క్రమంగా తీయాలి. ఏ ఏడాదీ పచ్చదనంలో నాలుగోవంతుకు మించి తీయకూడదు. మరో తుపానుకు భయపడి తల నరికితే, తరువాత వచ్చే కొమ్మలు బలహీనమైన అతుకుతో పెరిగి మరింత సులభంగా విరుగుతాయి.

ఉప్పళం వంటి చోట నేలను గురించి కూడా ఆలోచించాలి. ఆ పేరుకు తమిళంలో ఉప్పు పండే మడి అని అర్థం. తెలుగు నిఘంటువులలోని ‘అళము’ కూడా ఇదే. సముద్రపు తుంపర పడిన ఆకులను మంచినీటితో కడగాలి. నిలిచిన నీటికి కాలువ తీసిన తరువాతే మట్టిని మంచినీటితో పలుమార్లు తడిపి ఉప్పును దించాలి. కొత్త మొక్కలను మిట్టచేసి నాటాలి. ఒంటరిగా నిలిచిన చెట్లకంటె గుంపుగా పెరిగినవి గాలికి బాగా తట్టుకున్నాయని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004 నాటి ‘ఐవన్’ తుపాను తరువాత గమనించారు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. నిజమే, ముదిరిన మాను వంగదు. కాని విరిగిన మాను నుండి లేచే చిగురు మళ్లీ మొక్కవంటిదే, చెప్పినట్లు వంగుతుంది. అది కనిపించేదాకా రంపాన్ని పక్కన పెట్టగలగడమే తుపాను మరునాడు తోటమాలి చేయగల మొదటి ఉపకారం.