ప్రేమపెళ్ళి సరే, ఆ తర్వాత?

"అమెరికాలో ప్రేమపెళ్ళిళ్ళు రెండొందల ఏళ్ళ కిందే ఉన్నాయండీ, మనమే వెనకబడ్డాం" అంటుంది ఒక వర్గం. "అందుకే వాళ్ళలా తగలడ్డారు" అంటుంది ఇంకో వర్గం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా గురించి ఈ ఇద్దరికీ తెలిసింది సినిమాల్లో చూసిన గౌన్లూ, గుర్రబ్బళ్ళే అని నా అనుమానం.

నిజమే, అప్పటికే అక్కడి మధ్యతరగతి తెల్లవాళ్ళలో పెళ్ళికొడుకుని ఎంచుకునేది చాలావరకు అమ్మాయే. ఉత్తరాలు రాసుకునేవాళ్ళు, ముందుగదిలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అబ్బాయి మాటిచ్చి తప్పితే కోర్టుకెక్కి నష్టపరిహారం కూడా అడగొచ్చు. ఇంతవరకు బానే ఉంది. అంతమాత్రాన ఆడవాళ్ళ సంగతి బాగుపడిపోయింది అంటే మాత్రం నేనొప్పుకోను.

ఎందుకంటే చర్చి మెట్లు దిగేసరికి కథ మారిపోయేది. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న 'కవర్చర్' అనే పద్ధతి ప్రకారం పెళ్ళైన ఆడదానికి చట్టంలో విడిగా ఉనికే లేదు. ఆమె సంపాదన మొగుడిది, చేతిలో డబ్బు మొగుడిది. సొంతంగా దావా వెయ్యలేదు. పిల్లల మీద హక్కు తండ్రిదే. న్యూయార్కులో భార్య ఆస్తి భార్యదే అనడానికి 1848 దాకా, ఆమె కష్టార్జితం ఆమెదే అనడానికి 1860 దాకా పట్టింది. మిసిసిపీ 1839లోనే చట్టం చేసింది కదా అంటారా? చేసింది. అందులో ఎక్కువ భాగం భార్యకి 'ఆస్తి'గా ఉన్న బానిసల గురించే!

ఆ బానిసలకైతే చట్టం దృష్టిలో పెళ్ళే లేదు. ఎంత ప్రేమించుకున్నా, యజమాని ఒకర్ని అమ్మేస్తే కాపురం అంతటితో సరి. 1865లో బానిసత్వం రద్దయ్యాక తప్పిపోయిన మొగుళ్ళ కోసం, పెళ్ళాల కోసం పేపర్లలో ప్రకటనలిచ్చుకున్నారు పాపం. 'వాళ్ళ సంస్కృతి' అనేటప్పుడు వీళ్ళు ఎవరికీ గుర్తుకురారెందుకో.

అన్యాయమని అప్పట్లోనే గట్టిగా అన్నవాళ్ళూ లేకపోలేదు. 1855 మే 1న మసాచుసెట్స్‌లో లూసీ స్టోన్, హెన్రీ బ్లాక్‌వెల్ పెళ్ళిచేసుకుంటూ, ఈ చట్టాలు మాకొద్దని నిరసన పత్రం పెళ్ళిలోనే చదివారు. మొగుడికి చట్టమిచ్చిన పెత్తనం నాకొద్దని సంతకం పెట్టాడాయన. ఎంతమంది పెడతారు చెప్పండి! ఆవిడ ఇంటిపేరు మార్చుకోలేదు. 1879లో ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళకి స్కూలు కమిటీ ఎన్నికల్లో ఓటు హక్కొస్తే ఆవిడా నమోదు చేయించుకుంది. మొగుడి ఇంటిపేరు పెట్టుకోలేదని జాబితాలోంచి కొట్టేశారు. అప్పటికి ఇరవైనాలుగేళ్ళ కాపురం. అదీ ప్రేమపెళ్ళే మరి!