ఉద్యమం పేరు ఎవరి మెయిల్‌లో ఉంది?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పోస్టర్ ప్రింటుకు ఇచ్చే ముందు ఒక్క మాట.

2015లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న జెబ్ బుష్ పేరుతో జెబ్‌బుష్ డాట్ కామ్ అని కొడితే, ఆయన ప్రత్యర్థి ట్రంప్ సైట్ తెరుచుకుంది. కార్లీ ఫియోరినా తన పేరుతో డాట్ ఆర్గ్ కొనకుండా వదిలేసింది. ఇంకెవరో కొని, ఆమె కంపెనీ నడిపినప్పుడు ఉద్యోగాలు పోయిన 30,000 మందికి లెక్కగా ముఖం ముడుచుకున్న గుర్తులు నింపి పెట్టిండ్రు. అంత డబ్బున్నోళ్ళకే ఇట్లయితే మన సంగతేంది?

మాకూ అయింది. పోడు పట్టాల ప్రచారానికి సైట్ పేరు ఒక తమ్ముడి సొంత మెయిల్‌తో కొన్నం. తమ్ముడు పనికి పట్నం పోయిండు, నంబర్ మారింది. రెన్యువల్ మెయిల్స్ ఎవరూ చూడలే. గడువు దాటినంక ఆ పేరు వేరేవాళ్ళు కొన్నరు. ఊళ్ళల్ల గోడల మీద మాత్రం ఇంకా అదే చిరునామా ఉంది. మా పెద్దమ్మ ఫోన్ చూపించి అడిగింది: "భూమి కాగితాలన్నరు, పేకాట వస్తుందేందిరా?"

తప్పు తమ్ముడిది కాదు, అందరిదీ. పట్టా ఎవరి పేరు మీదుందని ఆఫీసుల చుట్టూ తిరిగే మనం ఇది మాత్రం అడగలేదు.

ఇప్పుడు సంఘం మెయిల్‌తోనే కొన్నం, పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గరుంది, మూడేళ్ళకు ఒకేసారి కట్టినం. పోడు అని ఇంగ్లిషులో ఒక 'ఓ'తో రాసేవాళ్ళున్నరు, రెండుతో రాసేవాళ్ళున్నరు. రెండూ తీసుకున్నం. పాత గోడలకు ఈ ఆదివారం సున్నం వేస్తున్నం, బ్రష్‌లు తెచ్చుకోండి.