గుళ్లను మోసిండ్రు, ఊళ్లను ముంచిండ్రు

శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లు మోసుకొచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ తరలించారు. మంచి పనే, మాకు పేచీ లేదు. కానీ అదే సర్కారు 1981లో మనుషులున్న ఇండ్ల మీదికి కూల్చివేత దండును పంపింది. దానికి 'ఆపరేషన్ డిమాలిషన్' అని పేరు కూడా పెట్టుకుంది! మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో నూరు దాకా ఊళ్లు, లక్ష మంది దాకా జనం. రాయికి దక్కిన మర్యాద మనిషికి దక్కలేదు.

నాగార్జునసాగర్ దగ్గరా ఇంతే. దీవి మీద 1966లో మ్యూజియం తెరిచారు. లాంచీ దిగినవాళ్లు ఇక్ష్వాకుల శిల్పాలు చూసి వస్తారు. ఆ లోయను ఖాళీ చేసి వెళ్లిన రైతు, లంబాడా ఎవరికి గుర్తు?

అందుకే శ్రీశైలం ముంపు ఊళ్లకు ఒక మ్యూజియం కావాలంటున్నాం. ఈ మాట వినగానే సర్కారుకు అద్దాల మేడ, లేజర్ షో, బోటింగు గుర్తుకొస్తాయి. సోమశిల ఒడ్డున మరో సెల్ఫీ పాయింటు కోసం మేం అడగడం లేదు.

గడపలోనే బొడ్రాయిలుండాలి. ఊరు పుట్టినప్పుడు పాతే రాయి అది. మునిగిన ఊరికొక రాయి, దాని మీద ఊరి పేరు. లోపల ప్రతి ఊరి పటం గీయాలి. ఇంజినీరు గీస్తే కుదరదు, ఆ ఊళ్లో బతికిన ముసలివాళ్లు చెబుతుంటే గీయాలి. పట్వారీ లెక్కల్లో పట్టాదారు ఉంటాడు. జీతమున్నవాడు, కౌలు చేసినవాడు, డప్పు కొట్టినవాడు ఉండడు. పరిహారం కూడా ఆ లెక్కల వెంటే పోయింది. ఏ ఇల్లు ఎవరిది, మాదిగవాడ బావి ఎక్కడ, పీరీల కొట్టం ఎటువైపు, బొందలగడ్డ ఎక్కడ... ఇవన్నీ పటానికెక్కాలి. 1981లో ముప్పై ఏండ్లున్న మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. టెండర్లు పిలిచే దాకా ఆగుతారా వాళ్లు?

ఒక గది నిండా కాగితాలే ఉండాలి. 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఇచ్చిన అవార్డులు, ఇంటికో కొలువన్న 1986 నాటి జీవో 98. ఆ జీవో పట్టుకొని ఏండ్లకేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ల దరఖాస్తులు. ఉద్యోగ మిత్రులారా, ఆ ఫైళ్లు ఏ రికార్డు రూములో బూజు పట్టాయో మాకన్నా మీకే ఎరుక. విద్యార్థి మిత్రులారా, ఒక్క ఎండాకాలం సెలవులు చాలు, ముసలివాళ్ల మాటలు రికార్డు చేయడానికి.

కర్నూలు ఒడ్డున మునిగిన పల్లెలదీ ఇదే గోస. వాళ్లను వదిలేస్తే అది మ్యూజియం కాదు, పార్టీ ఆఫీసు.

ఇంకో మాట, కొందరికి చేదుగా ఉంటుంది. 2014లో మన రాష్ట్రం వచ్చింది. 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్నసాగర్‌ను ప్రారంభించుకున్నాం. 2016 నుంచి దీక్షల్లో కూర్చున్న వేములఘాట్ దాని అడుగున ఉంది. ముంచింది పరాయి పాలకులు కాదు, మన ఓట్లతో గెలిచినవాళ్లు. ఆ మ్యూజియంలో ఆఖరి గది ఈ ఊళ్లదే కావాలి: ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్, సింగారం, బ్రాహ్మణ బంజేరుపల్లి, ఎర్రవల్లి. గదిలో ఏముండాలో గజ్వేల్ పునరావాస కాలనీకి పోయి అడగండి.