అల్పసంఖ్యాకుల చరిత్రకారుడు

చరిత్రమన రాజుల వంశావళియే యని తలచువారు కెనడాయందలి ఫ్రెంచి పాఠశాలల కథను చదువవలెను. ఆ కథను గ్రంథస్థము చేసినవాడు లియోనెల్ గ్రూ అను మతాచార్యుడు. 1878లో క్విబెక్ రాష్ట్రమందలి కర్షక కుటుంబమున జన్మించిన యీతడు 1915 మొదలు మాంట్రియల్ నగరమందలి విశ్వవిద్యాలయమున కెనడా చరిత్రమును బోధించెను.

క్విబెక్కున ఫ్రెంచి భాషీయులు అధికసంఖ్యాకులు. తక్కిన రాష్ట్రములలో అల్పసంఖ్యాకులు. 1890లో మానిటోబా శాసనసభ ఫ్రెంచి భాషకు గల అధికార ప్రతిపత్తిని తొలగించెను. 1912లో ఆంటారియో ప్రభుత్వము పదునేడవ నిబంధనమును గావించి, ఫ్రెంచి బోధనను మొదటి రెండు సంవత్సరములకే పరిమితము చేసెను. 1916లో ఒటావా నగరమున తల్లులు టోపీలకు గ్రుచ్చుకొను సూదులే ఆయుధములుగా బాలుర పాఠశాలను కాపాడిరి! 1927లో ఆ ప్రభుత్వము వెనుకకు తగ్గెను. ఈ అల్పసంఖ్యాకుల పాఠశాలల చరిత్రమును గ్రూ 1933లో ప్రత్యేక సంపుటముగా ప్రకటించెను. ఫ్రెంచి అమెరికా చరిత్ర పరిశోధనకై 1946లో ఒక సంస్థను, మరుసటి యేట ఒక పత్రికను స్థాపించెను. 1967లో మృతిచెందెను.

ఈతని కృషి శ్లాఘనీయమే. శాసనము చేసిన అన్యాయమునకు సాక్ష్యము చెప్పగలది చరిత్రము గదా! సాక్ష్యము లేని ఫిర్యాదు గాలిలో కలిసిపోవును. కాని గుణమును కీర్తించి దోషమును దాచుట పత్రికాధర్మము కాదు. తన భాషీయులకు న్యాయము కోరిన యీ పండితుడే మాంట్రియల్ యూదులయెడల ద్వేషవాక్యములు వ్రాసెను. యూదులును అచట అల్పసంఖ్యాకులే. తన యింటికి కోరిన రక్షణమును పొరుగింటికి నిరాకరించువాని వాదమునకు బలమెక్కడిది?

1979లో కెనడా అత్యున్నత న్యాయస్థానము మానిటోబా శాసనము చెల్లదని తీర్పు చెప్పెను. 1982 నాటి హక్కుల పత్రము అల్పసంఖ్యాకులకు, విద్యార్థుల సంఖ్య తగినంత యున్నచో, స్వభాషయందు విద్య గరపు హక్కును ఒసగెను. ఈ విజయము ఒక్క చరిత్రకారునిది కాదు. తల్లులది, ఉపాధ్యాయులది, తరతరములుగా పట్టు విడువని ప్రజలది. ఆ హక్కు ఫ్రెంచివారికిని, ఇంగ్లీషువారికిని వర్తించుటయే దాని గౌరవము.

చరిత్రకారుడు స్వజనమును ప్రేమింపవచ్చును, ప్రేమింపవలెను. ఆ ప్రేమ పరజనద్వేషముగా మారిన నాడు అతని గ్రంథము న్యాయస్థానమందలి సాక్ష్యముగా నిలువదు, వీధికలహమునకు కఱ్ఱయగును.