బేగి వచ్చీండి సార్!

విశాఖ నుంచి భీమిలి దాకా తిప్పే ఒకరోజు టూరు బస్సు ఎక్కినవాళ్ళకి ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ మాట మాత్రం గుర్తుండిపోతుంది. "ఇరవై నిమిషాలండి, బేగి వచ్చీండి సార్." ఆగిన ప్రతిచోటా ఇదే మంత్రం. ఈమధ్య బెంగుళూరు నుంచి ఆఫీసు జనం పదిమందిమి వెళ్ళాం. ఎవరి టూరో పేరెందుకులెండి. గైడు కుర్రాడు మంచివాడే. జోకులేశాడు, ఒక పెద్దావిడని చెయ్యిపట్టి బస్సు దింపాడు. నా సణుగుడంతా అతని మీద కాదు, అతనికి అప్పజెప్పిన కథ మీద.

ఆర్కే బీచ్ దగ్గర అతను చెప్పింది ఇది. పూర్వం ఒక రాజు కాశీకి పోతూ ఇక్కడ విడిది చేశాడట. చోటు నచ్చి విశాఖేశ్వరుడికి గుడి కట్టించాడట. తర్వాత ఆ గుడిని సముద్రం మింగేసింది, పేరు మాత్రం ఊరికి మిగిలింది. మొత్తం నలభై సెకన్లు. "పదండి సార్, సబ్‌మెరీన్!"

మావాడొకడు "ప్రూఫ్ ఏదిరా?" అన్నాడు. వెనక సీటాయన "ఇప్పటికీ నీళ్ళ కింద గోపురం ఉందంటండీ" అన్నాడు. చదువుకున్న జనంలో ఉన్నవి ఈ రెండు పార్టీలే అనుకుంటా. ఒకళ్ళు కథ అనగానే కొట్టిపారేస్తారు, ఇంకొకళ్ళు దాన్నే చరిత్ర అని ఫార్వర్డ్ చేస్తారు. నేను రెంట్లోనూ లేను. కథని కథలాగే చెప్పండి, కానీ అక్కడితో వదిలేయకండి. ఎందుకంటే ఆ రోజు మేం తిరిగిన తీరమంతటా ఉన్నది ఒకటే సంగతి: సముద్రం ముందుకి రావడం, వెనక్కి పోవడం. బస్సులో ఆ ముక్క ఒక్కసారి కూడా వినపడలేదు.

ఎర్రమట్టి దిబ్బలే తీసుకోండి. గైడు అక్కడ చెప్పిందల్లా ఏ సినిమాల పాటలు తీశారో. నిజానికి అది వేల ఏళ్ళ కిందటి మంచుయుగం సంగతి. అప్పట్లో సముద్రమట్టం బాగా పడిపోయి తీరం చాలా దూరం జరిగిపోయింది. బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోగేసింది. ఇసుకరేణువుల మీద ఇనుము తుప్పు పొరలా పట్టి ఎరుపెక్కింది. దక్షిణాసియాలో సముద్రం పక్కన ఇలాంటి ఎర్ర దిబ్బలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి, అంతే. గుడి మునిగిన కథకీ దీనికీ చుట్టరికం ఉందని నేను అనడంలేదు. కానీ పొద్దున్న "సముద్రం మింగేసింది" అని విన్నవాడికి మధ్యాహ్నం "ఒకప్పుడు సముద్రం ఇక్కడ లేదు" అని చెబితే ఎలా ఉంటుంది! నాకైతే ఒళ్ళు జలదరించేది.

ఇదేదో పాతకాలపు ముచ్చట అనుకునేరు. ఈ తీరంలో కెరటాలు ఏడాది మొత్తం మీద ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. హార్బరు కట్టినవాళ్ళకి మొదటి తలనొప్పి అదే. డాల్ఫిన్స్ నోస్ పక్కన తవ్విన కాలవ ఇసుకతో పూడిపోకుండా రెండు పాత ఓడల్ని ముంచి, వాటితో అడ్డుకట్ట వేశారు. 1933లో పోర్టు మొదలైంది. 1970ల్లో ఔటర్ హార్బరు గోడలూ వచ్చాయి. అక్కడ ఆగిపోయిన ఇసుక బీచ్‌కి చేరదు, బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టువాళ్ళు తవ్విన ఇసుకని తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. మేం ఐస్‌క్రీం తింటూ నిలబడ్డ ఇసుకలో కొంత అలా వచ్చిందే అయ్యుంటుంది. సముద్రం మింగడం ఇంకా ఆగలేదన్నమాట.

ఏమాటకామాట, సబ్‌మెరీన్ దగ్గర మాత్రం ప్రాణం లేచొచ్చింది. కురుసుర 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, మరుసటేడు మ్యూజియం అయింది. లోపల చూపించేది నేవీలో చేసి రిటైరైనవాళ్ళు. ఆ ఇరుకులో అంతమంది ఎలా పడుకునేవాళ్ళో పనిచేసిన మనిషి చెబుతుంటే ఫోన్లు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. మా ప్రూఫ్ మిత్రుడే మూడు ప్రశ్నలడిగాడు. జనానికి ఓపిక లేదు, సెల్ఫీలే కావాలి అనేవాళ్ళకి ఇదే నా జవాబు.

తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు నీళ్ళకోసం రాతిలో తొలిచిన తొట్లు చూపించారు. ఊరి పేరు అందుకే. అక్కడ రోమన్ వెండి నాణేలు దొరికాయని మాత్రం చెప్పలేదు. కొండమీంచి సముద్రం ఎదురుగా కనిపిస్తుంటే ఆ నాణేలు ఏ దారిన వచ్చుంటాయో వేరే చెప్పాలా? భీమిలిలో భీముడి పేరు చెప్పి, డచ్చివాళ్ళ సమాధుల ముందు బస్సు ఆపకుండానే పోనిచ్చారు. గోస్తనీ కలిసేది అక్కడే. బొర్రా గుహలో పడిపోయిన ఆవు పొదుగు నుంచి ఆ నది పుట్టిందని కథ. పైన అరకు టూరువాళ్ళు సగం, కింద భీమిలి టూరువాళ్ళు సగం పంచుకుని, చివరికి ఎవరూ చెప్పని కథ అది :)

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండింది పాత ఊరు అసలు టూరులోనే లేకపోవడం. హార్బరు కాలవ ఎదురుగా మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. 1804లో ఫ్రెంచి ఓడలు ఇంగ్లీషు ఓడ మీద విరుచుకుపడింది ఈ ఊరి ముందే. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడిందీ ఇక్కడే. పార్కింగ్ లేదంటారు. ఆటోలు లేవా?

ఎందుకింత గోల అంటే, తెలియని చోటు పోయినా ఎవరికీ బాధుండదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర 2024లో యంత్రాలు పెట్టి చదును చేస్తుంటే తెలిసినవాళ్ళు గొడవచేస్తేనే పని ఆగింది. 2025లో ఆ దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. బస్సుల్లో వెళ్ళేవాళ్ళకి అది ఇప్పటికీ పాటల లొకేషనే.

పొద్దున ఏడింటికి పాత ఊరి కొండ మీద మొదలుపెట్టి, హార్బరు చూపించి, బీచ్‌లో గుడి కథ చెప్పి, ఎర్రమట్టి మీదుగా భీమిలిలో ముగించొచ్చు. టైము సరిపోదంటారా? మమ్మల్ని గంటసేపు కూర్చోబెట్టిన ఆ జీడిపప్పు షాపు ఒక్కటి తీసేయండి, బోలెడు టైము.