బొమ్మకథలలో బాలికలు

సాయంకాలమున ఇల్లు చేరిన పిల్లలు పుస్తకముల సంచిని మూలనుంచి టెలివిజను నెదుట కూర్చుందురు. అందలి బొమ్మలును వారికి గురువులే. ఆ గురువులు మన బాలికలకేమి నేర్పుచున్నారో యించుక విచారింపవలెనని మా తలంపు.

“ఛోటా భీమ్” నెఱుగని పిల్లలు మనలో అరుదు. ఇది పరదేశపు సరకు గాదు. మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థవారు నిర్మింపగా 2008లో ప్రసారము మొదలయ్యెను. ఢోలక్‌పూరున కాపద కలిగినపుడు భీముడు లడ్డు తిని, బలము పొంది, శత్రువును గెలుచును. ఆ లడ్డు తఱచుగా చుట్కి చేతినుండియే వచ్చును. చుట్కి తెలివిగలది, ధైర్యము గలది. అయినను ఆ లడ్డును తానే తిని ముందునకు దూకుట మనకు అరుదుగా కానవచ్చును.

ఇది యొక్క కథలోని లోపము గాదు. జపాను దేశపు “డోరేమాన్”లో నోబిత, జియాన్, సునియో అను మువ్వురు బాలుర నడుమ షిజుకా యొక్కతెయే బాలిక. అమెరికా రచయిత్రి కాథా పాలిట్ 1991లో ఇట్టి ఏర్పాటునకు “స్మర్ఫెట్ సూత్రము” అని పేరిడెను. నీలిరంగు స్మర్ఫులలో ఒకడు తెలివిపరుడు, ఒకడు బలశాలి, ఒకడు సోమరి. స్మర్ఫెట్‌కు మాత్రము ఆడుదగుటయే గుణము.

“బొమ్మలే కదా, వీనితో నేమి?” అని పెద్దలు కొందఱందురు. ఒకనాటి విరామసమయమున మా యావరణములో పిల్లలు భీముని యాట నాడుచుండిరి. ఒక చిన్నది “నేను భీముణ్ణి” అనగా, తోడి బాలుడు “కాదు, నువ్వు చుట్కివి, లడ్డు ఇయ్యి” అనెను. ఆ చిన్నది మాఱుమాటాడక చేయి చాచి లేని లడ్డు నిచ్చెను. ఈ పాఠమామెకు మాలో నెవ్వరును చెప్పలేదు.

లడ్డు చేయుట హీనకార్యమని మేమనము. చేసిన చేతికి తినుటకును హక్కు గలదనియే మా వాదము. వేఱువిధమైన కథలల్లుట అసాధ్యము గాదు. 2013లో పాకిస్తానున వెలువడిన “బుర్ఖా అవెంజర్”లో జియా అను ఉపాధ్యాయిని, బాలికల పాఠశాలను మూయింపజూచు దుష్టులను పుస్తకములను, కలములను ఆయుధములుగా జేసికొని యెదిరించును.

టెలివిజనును కట్టిపెట్టుడని తలిదండ్రులను మేము కోరము. అప్పుడప్పుడు పిల్లల ప్రక్కన కూర్చుండి, “ఈ కథలో ఆ పిల్ల ఏమి చేసినది?” అని యొక్క ప్రశ్న వేయుడు, వారే ఆలోచింతురు. ఉపాధ్యాయులారా, ఆటలలోను నాటకములలోను నాయకపాత్రమును వంతులవారిగా నిండు.

బాలురారా, మీకును ఒక మనవి. రేపటి యాటలో భీముని పాత్రమును ఆ చిన్నదానికి విడిచి, లడ్డు మీరందించి చూడుడు. ఆట యింకను రక్తి కట్టునని మా నమ్మకము.